గువ్వలో వచ్చిన వార్త

జోషితను సముద్రం లాక్కుపోయిన రోజున మేఖల ఇంట్లో జ్వరంతో పడుకుని ఉంది.

ఆ సంగతి తల్లి నీలవేణికి బాగా తెలుసు. ఆ శనివారం ఆవిడ పరిశోధనశాలకు సెలవు పెట్టి కూతురి మంచం పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం సగ్గుబియ్యం జావ పట్టిస్తే పిల్ల సగం తాగి, తాగినదంతా కక్కేసి, సాయంత్రం దాకా మగతగా పడుకుంది. ఆ వేళకే, ఒంటిపూట బడి వదిలాక, మేఖల తరగతి పిల్లలు నలుగురు ఇళ్లల్లో చెప్పకుండా బీచ్‌కి వెళ్లారు. మోకాళ్ల లోతు నీళ్లలో ఆడుకుంటుంటే పెద్ద అల ఒకటి వచ్చింది. ముగ్గురు ఒడ్డుకు పరిగెత్తారు. జోషిత రాలేదు. మర్నాడు పొద్దున్న భీమిలి వైపు వేటకెళ్లిన జాలర్లు ఆ పిల్ల శవాన్ని తీసుకొచ్చారు.

విశాఖలో ఏటా ఇలాంటి కబురు ఒకటి రెండు వింటూనే ఉంటారు. ఊరు నొచ్చుకుని మర్చిపోతుంది. ఈసారి మాత్రం బడి మర్చిపోలేదు. ఆ బడిలో గువ్వ ఉంది.

గువ్వను తయారుచేసింది నీలవేణే.

ఆవిడ మెదడు మీద పరిశోధన చేసే మనిషి. ఒక మాట విన్నప్పుడు మనం దాన్ని నమ్మకపోతే మెదడులో సన్నని వణుకు పుడుతుందనీ, నమ్మగానే అది ఆగిపోతుందనీ, ఆ వణుకును చెవి వెనుక చర్మం మీంచే పట్టుకోవచ్చనీ ఆవిడ కనిపెట్టింది. శనగబద్దంత పట్టీ ఒకటి చేసి మొదట భర్త పైడిరాజు చెవి వెనుకే అంటించింది. పైడిరాజు పోర్టులో క్రేన్ నడుపుతాడు. ప్రయోగశాలలో నీలవేణి దగ్గర పనిచేసే రెహానా ఆయన ముందు కూర్చుని వరసగా వాక్యాలు చదివింది.

“రేపు పోర్టుకి సెలవు.” తెర మీద గీత గజగజలాడింది.

“మీ అమ్మాయి పేరు మేఖల.” గీత తిన్నగా నిలిచిపోయింది.

“మీ ఆవిడకి మీకంటే పరిశోధనే ఎక్కువ.” గీత కదల్లేదు.

పైడిరాజు తెర చూసి పకపకా నవ్వాడు. “నీలా, నీ మిషను బాగానే పనిచేస్తంది” అన్నాడు. నీలవేణి కూడా నవ్వింది కానీ ఆ సాయంత్రమంతా పెద్దగా మాట్లాడలేదు.

పట్టీ నుంచి గువ్వ పుట్టింది. అది పిల్లలు వార్తలు పంచుకునే సైటు. బళ్లో జరిగినవి, వీధిలో చూసినవి, ఎక్కడో చదివినవి ఎవరైనా రాసి పెట్టొచ్చు. మిగతా సైట్లలోలాగా ఇక్కడ మెచ్చుకోడానికి మీటలు ఉండవు. చదివేవాళ్ల చెవి వెనుక పట్టీయే చెబుతుంది, వాళ్లు నమ్మారో లేదో. నమ్మినవాళ్లు పెరిగేకొద్దీ వార్త పైకి తేలుతుంది, వార్త కింద నీలిగీత పొడుగవుతుంది. ఎవరూ నమ్మనిది అడుగుకు పోతుంది. పెద్ద తరగతుల పిల్లల మీద పెట్టి చూస్తే పుకార్లు రెండ్రోజుల్లో మునిగిపోయాయి. ఇలాంటి సైట్లు చిన్న తరగతులకు తగునో తగవో తేల్చడానికి ఒక కమిటీ ఏర్పడి ఉంది. దాని ముందు పెట్టడానికి నీలవేణికి చిన్నపిల్లల ఫలితాలు కావాలి. కూతురు చదివే బడినే అడిగింది.

హెడ్‌మిస్ట్రెస్ రోజ్‌లీన్ వెంటనే ఒప్పుకోలేదు.

“ఫోన్లో వచ్చింది వచ్చినట్టు పెద్దవాళ్లే నమ్మేస్తున్నారమ్మా. ఏడో క్లాసు పిల్లలకి ఇప్పట్నుంచే ఈ వార్తల గోలెందుకు?”

“వాళ్లు ఎలాగూ పెద్దవాళ్ల ఫోన్లు చూస్తూనే ఉన్నారు కదండీ. ఇక్కడైతే అబద్ధం దానంతటదే మునిగిపోతుంది. అది మునగడం పిల్లలు కళ్లారా చూస్తారు. అంతకంటే మంచి పాఠం ఏముంటుంది?”

“మీ అమ్మాయి కూడా ఉంటుందా ఇందులో?”

“ఉంటుందండీ. నాకు భయం లేదు.”

ఆ మాట మీదే రోజ్‌లీన్ సంతకం పెట్టింది.

జోషిత పోయాక బడికి రెండ్రోజులు సెలవిచ్చారు. మూడో రోజు గువ్వలో మొదటి వార్త వచ్చింది. “చనిపోవడానికి ముందు జోషితకి, మేఖలకి గొడవైంది.” అది నిజమే. బడి వార్షికోత్సవం నృత్యంలో ముందు వరసలో ఎవరు నిలబడాలని ఇద్దరూ పోట్లాడుకున్నారు. తరగతంతా చూసింది. నీలిగీత ఒక్క పూటలో నిండిపోయింది.

ఆ వెంటనే ఇంకొకటి. “మేఖల కూడా బీచ్‌కి వచ్చింది.”

తర్వాత రోజు ఇంకొకటి. “మేఖల తోసింది.”

బీచ్‌కి వెళ్లిన ముగ్గురిని ఇళ్లల్లో అడుగుతున్నారు, ఎందుకు వెళ్లారని, ఎవరు రమ్మన్నారని, పక్కనే ఉండి ఎందుకు పట్టుకోలేదని. తప్పించుకోడానికి ఆ ముగ్గురిలో ఎవరో మొదట రాసి ఉంటారు. ఎవరన్నది తర్వాత తెలిసింది కానీ, అప్పటికి తెలిసి ప్రయోజనం లేకపోయింది.

ఆ వార్తను రెహానా చూసి నీలవేణి గదిలోకి పరుగున వచ్చింది.

“మేడమ్, తీసేద్దామా?”

నీలవేణి తెర వంక చూసింది. గీత ఇంకా పొట్టిగానే ఉంది. అంతకుముందు బడి ప్రయోగశాలలో దెయ్యం ఉందని వచ్చింది, సాంబారులో బల్లి పడిందని వచ్చింది. రెండూ మునిగిపోయాయి.

“మనం తీసేస్తే ఏదో దాచామనుకుంటారు. అబద్ధమని దానంతటదే బయటపడాలి. రెండ్రోజులు చూద్దాం.”

“మేఖల చదువుతుంది కదా మేడమ్.”

“చదివినా దానికి నిజం తెలుసు కదమ్మా. తను ఇంట్లోనే ఉందిగా.”

ఇంటికెళ్లేసరికి మేఖల వీధి తలుపు దగ్గరే నిలబడి ఉంది. ముఖం ఎర్రబడి ఉంది.

“అమ్మా, నేను బీచ్‌కి వెళ్లానట. నేను తోశానట. నువ్వు చెప్పవే వాళ్లకి!”

“చెప్తాను. నువ్వు పట్టించుకోకు. రెండ్రోజుల్లో వాళ్లే మర్చిపోతారు.”

“ఎవరూ నాతో కూర్చోడం లేదమ్మా. లంచ్‌లో కూడా.”

నీలవేణి కూతుర్ని దగ్గరకు తీసుకుంది. మర్నాడు రోజ్‌లీన్‌తో మాట్లాడింది. రోజ్‌లీన్ అసెంబ్లీలో పిల్లలందరికీ చెప్పింది కూడా. పిల్లలు బుద్ధిగా విన్నారు. ఆ సాయంత్రానికి గీత ఇంకాస్త పెరిగింది. టీచర్లు మేఖలను కాపాడుతున్నారని కొత్త వార్త వచ్చింది.

రెండ్రోజులు కాస్తా వారమైంది. మేఖల పోట్లాడటం మానేసింది. అన్నం తినేటప్పుడు మధ్యలో ఆగిపోయేది. ఒకరోజు తండ్రిని అడిగింది.

“నాన్నా, ఆ రోజు నేను పసుపు చుడీదార్ వేసుకున్నానా?”

“ఏ రోజు తల్లీ?”

“జోషిత రోజు.”

“ఆ రోజు నీకు వొళ్లు కాలిపోతా ఉంటే నైటీలో పడుకున్నావు కదమ్మా.”

మేఖల తల ఊపి లేచి వెళ్లిపోయింది. ఇంకో సాయంత్రం నీలవేణి వచ్చేసరికి స్నానాలగదిలో నీళ్ల చప్పుడవుతోంది. మేఖల బోర్లించిన చెప్పుల్ని బ్రష్షుతో తోముతోంది. చెప్పులు అప్పటికే తళతళలాడుతున్నాయి.

“ఏం చేస్తున్నావు?”

“ఇసక పోవట్లేదమ్మా.”

నీలవేణి చెప్పు చేతిలోకి తీసుకుని వేలితో రాసి చూసింది. ఇసుక లేదు. అప్పుడే రెహానాకు ఫోన్ చేసి ఆ వార్త తీసేయమంది. కూతురి పట్టీని తన చేత్తోనే ఊడదీసింది. తీసేసిన వార్త గురించి మర్నాడు బడంతా మాట్లాడుకున్నారు.

ఆ సాయంత్రం మేఖల బడి నుంచి ఇంటికి రాలేదు. పైడిరాజు వెతకడానికి చెప్పులేసుకుంటుండగా కింద గేటు ముందు స్కూటర్ ఆగింది. నడుపుతున్నది జోషిత తండ్రి సత్యం. మద్దిలపాలెంలో ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు ఆయనది. వెనక మేఖల దిగింది. సత్యం పిల్ల చెయ్యి వదలకుండా పైకి తీసుకొచ్చాడు.

“మీ పాప మా ఇంటికొచ్చిందమ్మా” అన్నాడు. “జోషితని తనే తోసీసిందని సెప్తంది. నానేటీ అన్లేదు. ముందు మీరినండి.”

“నేనే తోశానమ్మా” అంది మేఖల. ఏడవడం లేదు. పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది. “అది ముందు వరస నాది అంది. నాకు కోపం వచ్చింది. వెనక నుంచి తోశాను. అది వెనక్కి తిరిగి నన్ను చూసింది.”

“అబద్ధం!” నీలవేణి అరిచింది. “ఆ రోజు మేఖల నా పక్కనే ఉందండీ. దానికి జ్వరం. దేవుడి మీద ఒట్టు.”

సత్యం పిల్ల చెయ్యి వదిలాడు.

“నాకు నమ్మాలనే ఉందమ్మా మీ మాట. అల తీసుకుపోయిందంటే మరి నానెవల్నీ అడగలేను. ఈ పాప సెప్తంటే మాత్రం దాని కళ్లల్లో అబద్దం అగుపించలేదు. ఏటి సెయ్యమంటారు నన్ను?”

విషయం పోలీసుల దాకా వెళ్లింది. ఎస్సై తవిటినాయుడు నెమ్మదైన మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. అపార్ట్‌మెంట్ లిఫ్టులోనూ గేటు దగ్గరా ఉన్న కెమెరాల వీడియోలు తెప్పించి చూశాడు. ఆ శనివారం మేఖల గడప దాటలేదు. మందులు ఇచ్చిన డాక్టరు కూడా అదే చెప్పాడు. తవిటినాయుడు ఆ వీడియోను మేఖలకు తన ఫోన్లోనే చూపించాడు.

“చూసావా పాపా? నువ్వు ఇంట్లోంచి బయటకే రాలేదు. ఇంక భయం లేదు, సరేనా?”

“అది వేరే రోజుదేమో సార్.”

“తారీఖుంది కదమ్మా పైన.”

“తారీఖు మార్చొచ్చు కదా. క్లాసులో అందరికీ తెలుసు సార్. అందరికీ తెలిసింది తప్పెలా అవుతుంది?”

“అందరూ ఎవలమ్మా? అక్కడున్నది ముగ్గురే.”

“గువ్వలో అందరూ నమ్మారు సార్.”

తవిటినాయుడు తలెత్తి నీలవేణిని చూశాడు. “గువ్వంటే ఏటి మేడం?” అని అడిగాడు.

మర్నాడు ప్రయోగశాలలో నీలవేణి కూతురి పట్టీ పంపిన లెక్కలు తెరిచింది. అంతవరకూ చూడటానికి ధైర్యం చాలలేదు. “మేఖల తోసింది” అన్న వార్తను మేఖల మొదటిసారి చదివినప్పుడు వణుకు గీత తుఫానులో కొబ్బరాకులా ఊగింది. రెండోరోజూ ఊగింది. తర్వాత ఊపు తగ్గుతూ వచ్చింది. చెప్పులు తోమిన సాయంత్రానికి ముందు, గీత చదునుగా ఉంది. తన సొంత పేరు విన్నప్పుడు ఎలా ఉంటుందో అలా.

ఎందుకలా అయిందో రెహానా పట్టుకుంది. పిల్లల చూపు ఎక్కడ పడుతోందో చెప్పే లెక్కలు తెచ్చి పక్కన పెట్టింది. పెద్ద తరగతుల వాళ్లు ముందు వార్త చదివి ఆ తర్వాత నీలిగీత చూస్తున్నారు. ఏడో తరగతి వాళ్లు ముందు నీలిగీత చూస్తున్నారు. గీత పొడుగ్గా ఉంటే, వార్త చదవకముందే వాళ్ల వణుకు సగం తగ్గిపోతోంది.

“గువ్వ అబద్ధాన్ని ముంచుతుందనుకున్నాం మేడమ్. వీళ్లు పక్కవాళ్ల నమ్మకాన్నే నమ్ముతున్నారు.”

“వీడియో చూపించినా నమ్మలేదు రెహానా. అమ్మని, నేను చెప్తే నమ్మలేదు.” నీలవేణి కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. “గీతను నమ్ముతుంది. గీత చెప్తేనే నమ్ముతుంది.”

ఆవిడ ఏమనుకుంటోందో రెహానాకు అర్థమైంది.

“వద్దు మేడమ్. పాడుచేసిన దాంతోనే బాగుచేస్తారా? దొంగ గీత పెట్టి నిజం నమ్మించినా, మనం చేసేది అదే పని కదా.”

నీలవేణి ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. పైడిరాజు అప్పటికి కొన్ని రోజులుగా పనికి వెళ్లడం లేదు. కూతురు నీళ్ల శబ్దం వింటే చెవులు మూసుకుంటోంది. స్నానం చేయించాలంటే ఇద్దరూ పట్టుకోవాల్సి వస్తోంది.

“తప్పో ఒప్పో నాకు తెల్దు నీలా” అన్నాడాయన. “నీ మిషనే దీన్ని ఇలాగ సేసింది. నీ మిషనే బాగుసెయ్యాల. నా పిల్ల నాకు కావాల.”

నీలవేణి చేసింది.

ఊడదీసిన పట్టీని తిరిగి కూతురి చెవి వెనుక అంటించింది. గువ్వలో వార్త పెట్టింది. “జోషిత చనిపోయిన రోజు మేఖల జ్వరంతో ఇంట్లోనే ఉంది. పోలీసులు తేల్చారు.” దాని కింద నీలిగీతను తన చేత్తోనే చివరిదాకా లాగింది. పిల్లలెవరూ ఇంకా చదవకముందే, బడంతా నమ్మేసినట్టు అది మెరుస్తూ నిలబడింది. చదివినవాళ్లు చదివినట్టే నమ్మారు. నిన్నటిదాకా తోసిందన్నవాళ్లే మేఖలకు పాపం అన్యాయం జరిగిందని రాశారు. లంచ్‌లో పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం మేఖల చేపల పులుసుతో రెండు ముద్దలు ఎక్కువ తిని, చెయ్యి కడుక్కుంటూ మామూలుగా అంది.

“ఆ రోజు నాకు జ్వరం కదమ్మా. లేకపోతే నేను కూడా వెళ్లేదాన్నేమో.”

పైడిరాజు గబుక్కున లేచి వంటింట్లోకి వెళ్లి, గోడకు తిరిగి నిలబడ్డాడు. నీలవేణి కుళాయి కట్టేసి కూతురి చేతులు తన కొంగుతో తుడిచింది. చాలా రోజులకు ఆ ఇంట్లో అందరూ మధ్యాహ్నం నిద్రపోయారు.

తోసినవాళ్లు మేఖల కాకపోతే మరెవరని ఆ సమయానికే గువ్వలో అడుగుతున్నారు.

ఆ సంగతి నీలవేణి ఆలోచించలేదు. పిల్లలు అలని ఎప్పుడో మర్చిపోయారు. జోషితను ఎవరో తోశారన్నదే వాళ్లకు మిగిలింది. ఆ ఖాళీలోకి ఇంకో పేరు రావాలి. వచ్చింది. యామిని. బీచ్‌కి వెళ్లిన ముగ్గురిలో ఒకర్తి, జోషితకు ప్రాణస్నేహితురాలు. మేఖల పేరు ఎక్కడానికి వారం పైన పట్టింది. యామిని నిజంగానే అక్కడ ఉంది కాబట్టి దారి ఇంకా నున్నగా ఉంది. సోమవారం రెహానా ఫోన్ చేసేటప్పటికి నీలిగీత సగం దాటింది.

ఈసారి నీలవేణి ఆగలేదు. వెంటనే గువ్వను మూసేయించింది. బడికి పరిగెత్తి పట్టీలన్నీ ఊడదీయించింది. పిల్లల్ని లెక్కపెడితే యామిని లేదు. అప్పుడే ఫోన్ మోగింది. సత్యం.

“అమ్మా, ఇంకో పిల్లొచ్చింది” అన్నాడు. “ఇది మా జోషితతో కలిసి ఒకే కంచంలో తిన్న పిల్ల. గుమ్మం కాడ నిలబడి, నానే తోసీసానంకుల్ అంటంది. ఎన్నాళ్లమ్మా ఇలాగ? ఒకొక్కళ్లూ వొచ్చి నా కూతుర్ని సంపీసామంటంటే నానేటైపోవాల?”

నీలవేణి ఫోన్ పట్టుకుని బడి మెట్ల మీద కూర్చుండిపోయింది.

కమిటీ ముందుకు వెళ్లేనాటికి ఆవిడ నివేదికలో ఏదీ దాచుకోలేదు. దొంగ గీత సంగతి కూడా రాసింది. కమిటీలో పెద్దాయన ఒకాయన మర్యాదగానే అడిగారు.

“అంటే చిన్న తరగతులకు ఇలాంటి సైట్లు అసలే తగవంటారా? పెద్దల పర్యవేక్షణ ఉంటేనో?”

“పర్యవేక్షణ ఉందండీ” అంది నీలవేణి. “పర్యవేక్షించింది నేనే. నా కూతురి పేరు వచ్చినప్పుడు ఊరుకున్నదీ నేనే, గీత లాగిందీ నేనే. నాకంటే శ్రద్ధగా చూసుకునేవాళ్లు మీకు దొరకరు.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పరిశోధనశాల ఆవిడను సెలవులో ఉండమంది. ఆవిడ రాజీనామా ఇచ్చేసింది.

గువ్వ మూసేనాటికే మేఖల గండం గడిచింది కానీ, యామిని తనే తోశానన్న దగ్గరే ఆగిపోయింది. ఎవరైనా నువ్వు తొయ్యలేదంటే, “అలాగని అందరూ అనుకుంటున్నారా? ఎంతమంది?” అని అడిగేది. చెప్పడానికి గీత లేదు. గీతను మళ్లీ తెరిస్తే మూడో పిల్ల బలవుతుంది. యామిని తల్లి స్వర్ణ, నీలవేణిని ఇంట్లోకి రానివ్వలేదు. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

“మీ అమ్మాయిని బాగుచేసుకోడానికి మా అమ్మాయిని పారేశారు. అంతే కదండీ?”

“అంతేనండీ” అంది నీలవేణి. ఇంకేం చెప్పినా బొంకు అవుతుంది.

అయినా ఆవిడ మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆ తర్వాతా వెళ్లింది. చివరికి స్వర్ణ ఒప్పుకుంది. యామినిని, తల్లిని వెంటబెట్టుకుని ఒక ఉదయం బీచ్‌కి తీసుకెళ్లింది నీలవేణి. సత్యాన్నీ రమ్మంటే మొదట రానన్నాడు. మళ్లీ వాళ్లకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. సముద్రం ప్రశాంతంగా ఉంది.

“ఏం జరిగిందో నేను అడగను” అంది నీలవేణి. “ఎవరు ఏమన్నారో కూడా వద్దు. నీ కాళ్లకి ఏం తగిలిందో చెప్పు.”

“నీళ్లు చల్లగా ఉన్నాయి.” యామిని గొంతు వినీ వినపడకుండా ఉంది. “కాళ్ల కింద ఇసక జారుతోంది. కితకితలు పెట్టినట్టుంది. జోషిత నవ్వుతోంది.”

“నీ చేతులు?”

యామిని తన చేతుల వంక చూసుకుంది.

“చెప్పులున్నాయి” అంది. “ఒక చేతిలో నావి. ఒక చేతిలో దానివి. తడుస్తాయని పట్టుకోమంది.”

సత్యం మొహం చేతుల్లో దాచుకున్నాడు.

“అల వచ్చినప్పుడు చెప్పులు పడెయ్యలేదు ఆంటీ. పడేసి దాని చెయ్యి పట్టుకోవాల్సింది. చెప్పులు పట్టుకునే పరిగెత్తాను.” యామిని తల్లి వైపు తిరిగింది. “జోషీ చచ్చిపోయింది. జోషీ చచ్చిపోయిందమ్మా!” అంటూ తల్లి ఒళ్లో పడి గుండెలు పగిలేలా ఏడ్చింది.

జోషిత కోసం ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారి. వార్తలు వచ్చినన్ని రోజులూ తోసిందెవరని అడిగినవాళ్లే కానీ, ఆ తరగతిలో జోషిత కోసం ఏడ్చినవాళ్లు లేరు. సత్యం దగ్గరకొచ్చి యామిని తల మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత నీళ్ల వైపు నడిచి వెళ్లిపోయాడు.

యామిని పూర్తిగా కోలుకుందని చెప్పలేం. తొయ్యలేదని ఒప్పుకుంది. పట్టుకోలేదన్నది మాత్రం మిగిలిపోయింది. వేసవిలో వాళ్ల కుటుంబం ఊరు మారిపోయింది.

మేఖల కొత్త బడిలో చేరింది. బాగానే చదువుకుంటోంది. పాత సంగతులు ఇంట్లో ఎత్తేవారు కాదు. అయితే అలాంటివి దాగవు. యామిని సంగతీ గీత సంగతీ ఎవరి నోటనో విని, ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతున్న తల్లి దగ్గరకొచ్చి ఎదురుగా నిలబడింది.

“అమ్మా, ఆ రోజు నేను నిజంగా ఇంట్లోనే ఉన్నానా? లేక నువ్వు నమ్మించావా?”

నీలవేణి చేతిలో బట్ట కింద పెట్టింది.

“ఉన్నావు. నా పక్కనే ఉన్నావు. కానీ నువ్వు నమ్మేలా చేసింది నేనే.”

“నాకు ఆ జ్వరం గుర్తుందమ్మా. తోయడం కూడా గుర్తుంది. రెండూ ఒక్కలాగే గుర్తున్నాయి.”

“జ్వరమే నిజం మేఖలా.”

“అది నువ్వు చెప్పేదే కదా” అంది మేఖల. కోపం లేదు ఆ మాటలో. తేలిన విషయం చెప్పినట్టుంది. మడతపెట్టిన తన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నీలవేణి ఇప్పుడు వీధి చివర పిల్లలకు లెక్కలు చెబుతుంది. పైడిరాజు మళ్లీ పనికి వెళ్తున్నాడు. జూలైలో ఒక ఉదయం మేఖల బడికి బయల్దేరుతుంటే నీలవేణి గొడుగు అందించింది.

“తీసుకెళ్లమ్మా. వాన వచ్చేలా ఉంది.”

మేఖల గొడుగు అందుకోలేదు. సంచీ భుజాన వేసుకుని బాల్కనీలోకి వెళ్లింది. కమ్మీలు పట్టుకుని, తల పూర్తిగా పైకెత్తి, ఆకాశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. చెయ్యి బయటికి చాపి కాసేపు అలాగే ఉంచింది. ఆ తర్వాత లోపలికొచ్చి, తల్లి చేతిలోంచి గొడుగు తీసుకుని, ఏమీ మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.